సాయంత్రం చెరువు గట్టు మీద నిజంగా చల్లగాలి వీస్తుందా? ప్రకృతి వర్ణన రాయడం గురించి

మీ ఇబ్బంది అర్థమైంది. కథలు రాస్తున్నారు, సంభాషణలు బాగానే వస్తున్నాయి, ప్రకృతి వర్ణన దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్కూల్లో రాసిన వ్యాసంలా తయారవుతోందన్నారు. ఉదాహరణకి మీ కథలోంచి ఈ మూడు వాక్యాలు ఇచ్చారు: “సాయంత్రం చెరువు గట్టు మీద చల్లగాలి వీస్తోంది. పక్షులు కిలకిలారావాలు చేస్తూ గూళ్ళకు చేరుతున్నాయి. ప్రకృతి ఎంతో ఆహ్లాదంగా ఉంది.” హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాననీ, అడవులూ పల్లెలూ తిరిగే వీలు లేదనీ, పదసంపద పెరగడానికి ఏం చదవాలో చెప్పమనీ అడిగారు.

పదసంపద సంగతి పక్కన పెట్టండి. ఆ మూడు వాక్యాల్లో మాటలకు లోటేమీ లేదు, చెరువే లేదు. కొత్తగా రాస్తున్నవాళ్ళ కథలు చదవడం, దిద్దడం, వాళ్ళతో కూర్చుని మాట్లాడటం చాలా ఏళ్ళుగా నా పని. దాదాపు అందరిలోనూ ఇదే చూస్తున్నాను. సాయంత్రం, వాన, వెన్నెల అన్నీ మన బుర్రలో ముందే రెడీగా ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లోంచి, పాటల్లోంచి, సినిమాల్లోంచి వచ్చి చేరినవి. రాయడానికి కూర్చోగానే ముందు అవే వస్తాయి. వాటిని దాటడానికి నేను నమ్మే పద్ధతి ఒక్కటే. వెళ్ళి చూడండి. మీరు ముందే అనుకున్నదానికీ, అక్కడ కంటికో చెవికో ఒంటికో తగిలినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోండి. ఆ తేడా రాయండి.

మీ చెరువు దగ్గరికే వెళ్దాం. మబ్బూ వానా లేని మామూలు రోజున, పొద్దు గుంకాక గాలి సాధారణంగా తగ్గిపోతుంది. పగలు ఎండకు నేల వేడెక్కి, దాని మీది గాలి పైకీ కిందికీ కలుస్తూ ఉండటం వల్లే నేల దగ్గర గాలి ఆడుతుంది. పొద్దు పోయాక ఆ కలవడం ఆగుతుంది. కాబట్టి మీ చల్లగాలి అసలు అక్కడ లేకపోవచ్చు. ఇక నీళ్ళు. నేల తొందరగా చల్లారుతుంది, నీళ్ళు నెమ్మదిగా చల్లారతాయి. అందుకే చీకటి పడేవేళ చెరువులో కాళ్ళు పెడితే గోరువెచ్చగా తగులుతాయి. పక్షుల మాటకొస్తే, చెరువులో నీటి మధ్య నిలబడ్డ తుమ్మచెట్టు మీదికి రాత్రి మకాంకి చేరే కొంగలు కిలకిలమనవు. కొమ్మ మీద చోటు కోసం ఒకదాన్నొకటి తోసుకుంటూ, ముక్కులతో పొడుచుకుంటూ, గొంతులోంచి గరగరమని అరుస్తాయి. చెట్టు కింద ఆకులూ నీళ్ళూ రెట్టతో తెల్లబడి ఉంటాయి, ఆ వాసన గట్టు దాకా కొడుతుంది.

ఇప్పుడు మీ మూడు వాక్యాల బదులు ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి:

“పొద్దు గుంకాక గాలి పడిపోయింది. తుమ్మచెట్టు మీద కొంగలు చోటు కోసం ఇంకా కొట్లాడుకుంటున్నాయి. అతను ఆఖరి మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. పగటి వేడి నీళ్ళలో అలాగే ఉంది. మోకాళ్ళకు పైన చలి, కింద వెచ్చన. లేవబుద్ధి కాలేదు.”

ఇందులో కష్టమైన మాట ఒక్కటి కూడా లేదు. ఆహ్లాదం అనే మాట వాడలేదు. అతను ఎందుకు లేవలేదో చదివేవాడి కాళ్ళకే తెలుస్తుంది.

కన్ను గురించి ముందు చెబుతాను, ఎందుకంటే మనల్ని ఎక్కువగా మోసం చేసేది అదే. కన్ను తనకు తెలిసినదాన్నే చూస్తుంది. మందారం ఎర్రగా ఉంటుందని మనకు తెలుసు కాబట్టి ఏ వేళకైనా ఎర్రగానే రాస్తాం. ఈ రోజు సాయంత్రం దీపాలు వేయకముందు ఒక మందార చెట్టు ముందు నిలబడి చూడండి. వెలుగు తగ్గేకొద్దీ ముందు నల్లబడేది ఆ ఎర్రపువ్వే. ఆకులు ఇంకా కాసేపు పచ్చగా, కొంచెం బూడిదరంగుగా తేలుతూ కనిపిస్తాయి. మసక వెలుతురులో మన కంట్లో రంగులు పట్టే కణాలు వెనక్కి తగ్గి, వెలుగునీడలు పట్టే కణాలు పని అందుకుంటాయి. వాటికి ఎరుపు దాదాపు కనిపించదు. చెక్ శాస్త్రవేత్త పర్కిన్యే 19వ శతాబ్దంలో దీన్ని గమనించి రాశాడు, అది కూడా పూలను చూసే. అలాగే చీకట్లోకి వెళ్ళగానే ఏమీ కనిపించదు, ఇరవై ముప్పై నిమిషాలకు గానీ కన్ను పూర్తిగా అలవాటు పడదు. మీ పాత్ర లైటు కింద నుంచి పెరట్లోకి వెళ్ళగానే ఆకాశం నిండా చుక్కలు చూసేస్తే నాకు నమ్మకం కుదరదు. ముందు నాలుగే కనిపించాలి. మిగతావి తర్వాత ఒక్కొక్కటే రావాలి. ఆ ఆలస్యం కథకి ఎంత ఉపయోగమో ఆలోచించండి. ఆ కాస్త సమయంలో ఆ మనిషి ఏదైనా గుర్తుచేసుకోవచ్చు, ఏడవచ్చు, వెనక్కి తిరిగి వచ్చేయవచ్చు.

పాలపిట్టని దగ్గరగా చూశారా? దసరా నాడు చూస్తే మంచిదని తెలంగాణలో పొలాల వెంట వెతుక్కుంటూ వెళ్తారు. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు అది గోధుమరంగు మట్టిపిట్టలా ఉంటుంది, వెతికేవాళ్ళే దాటిపోతారు. తీగ వదిలి రెక్క విప్పిందంటే ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారి బయటపడతాయి. మళ్ళీ వాలగానే మాయం. “అందమైన నీలి పాలపిట్ట తీగ మీద వాలి ఉంది” అని రాసినవాళ్ళు దాన్ని ఫొటోలోనో బొమ్మలోనో చూసి ఉంటారు.

చెవికి వస్తే, తెలుగులో మనకున్న సంపద తక్కువది కాదు. గలగల, జలజల, టపటప, సరసర, రెపరెప, బిలబిల. కానీ ఇవి జంటలు కట్టేసుకుని కూర్చున్నాయి. సెలయేరు అనగానే గలగల, ఆకులు అనగానే రెపరెప. ఆ జంట వచ్చిందంటే చెవి పనిచేయడం మానేసిందని అనుమానించండి. కోనసీమలో కొబ్బరితోటలో పడుకున్నవాళ్ళని అడగండి. గాలికి కొబ్బరి మట్టలు ఆడితే అచ్చం వాన మొదలైనట్టే ఉంటుంది. ఆరేసిన బట్టల కోసం పరిగెత్తుకు వెళ్తే పైన చుక్కలు కనిపిస్తాయి. రావిచెట్టు కూడా అంతే. దాని ఆకు కాడ పొడుగ్గా, పలచగా ఉంటుంది కాబట్టి మిగతా చెట్లు కదలని గాలికి కూడా అది గలగలలాడుతుంది. వాన చప్పుడు కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. తాటాకు కప్పు మీద పడితే దాదాపు చప్పుడే ఉండదు, రేకుల షెడ్డులో పక్కవాడి మాట వినపడదు. ఆదిలాబాద్ వైపు టేకు అడవిలో ఆ వెడల్పాటి గరుకు ఆకుల మీద నాలుగు చినుకులు పడినా పెద్ద వాన అనిపిస్తుంది. మీ పాత్ర ఏ కప్పు కింద ఉందో తేల్చుకున్నాక వాన చప్పుడు రాయండి.

వాన గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మన కథల్లో ఎక్కువగా వచ్చేదీ, ఎక్కువగా పాడయ్యేదీ అదే. అందరూ రాసే వాక్యం “వాన పడగానే మట్టివాసన గుప్పుమంది.” నిజమే, కానీ ఎప్పుడు? 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో దీని మీద పనిచేసి ఈ వాసనకి పెట్రికోర్ అని పేరు పెట్టారు. వానలు లేని కాలంలో మొక్కల నుంచి వచ్చే నూనెలు మట్టిలోకీ రాళ్ళలోకీ ఇంకి ఉంటాయి. మట్టిలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. చినుకు పడ్డప్పుడు మట్టి సందుల్లో ఉన్న గాలి బుడగలుగా పైకి లేచి, పగిలి, ఆ వాసనని సన్నటి తుంపరగా గాలిలోకి చిమ్ముతుంది. 2015లో ఎంఐటీ పరిశోధకులు దీన్ని హైస్పీడ్ కెమెరాలతో చిత్రీకరించి చూపించారు. సన్నటి వానకీ, ఓ మోస్తరు వానకీ ఇది ఎక్కువని, కుండపోతకి తక్కువని కూడా తేల్చారు.

రాసేవాళ్ళకి దీంతో పనేమిటంటే, తుపాను వానలో మట్టివాసన పెట్టకండి. ముసురు పట్టిన మూడో రోజున పెట్టకండి. అప్పుడు వచ్చేది ఆరని బట్టల వాసన, చెమ్మ పట్టిన గోడ వాసన, తడిసిన కుక్క వాసన. మట్టివాసన ఎండిన నేలది, తొలకరిది. ఇంకో సంగతి, అది చాలాసార్లు చినుకు కంటే ముందే వస్తుంది. పక్క ఊళ్ళో పడుతున్న వాన మీదుగా వచ్చిన చల్లటి ఈదురుగాలి దాన్ని మోసుకొస్తుంది. ముందు గాలి, దుమ్ము, ఆ వెనక వాసన, ఆ తర్వాత చినుకు. ఆ మొదటి చినుకులు పెద్దవిగా, దూరం దూరంగా పడతాయి. పెద్ద చినుకు చిన్నదానికంటే వేగంగా దిగుతుంది, చిన్నవి పొడిగాలిలో దారిలోనే ఆవిరైపోతాయి. దుమ్ములో పడ్డ చినుకు వెంటనే ఇంకదు. చుట్టూ దుమ్ము అంటించుకుని చిన్న ఉండలా ఒక్క క్షణం నిలబడుతుంది. వంగి చూసినవాళ్ళకే అది కనిపిస్తుంది. మీ కథలో ఒక చిన్నపిల్ల ఉంటే ఆ పిల్లకి తప్పకుండా కనిపిస్తుంది.

వాన వెలిశాక కూడా కథ ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. చెట్టు కింద ఇంకో వాన పడుతూనే ఉంటుంది. రాత్రికి ఉసిళ్ళు దీపాల చుట్టూ చేరతాయి, పొద్దున్నే స్తంభం కింద రెక్కలు మాత్రం కుప్పగా ఉంటాయి. ఎప్పుడూ మట్టిరంగులో ఉండే బోదురు కప్పల్లో మగవి తొలివానకి నిమ్మపండు పసుపు రంగులోకి మారి, నీలం రంగు గొంతుసంచులు ఉబ్బించి అరుస్తాయి. మొదటిసారి చూసినవాళ్ళు అవి కప్పలంటే నమ్మరు. ఆరుద్ర కార్తె వచ్చే జూన్ చివరి రోజుల్లో ఇసుక నేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఉంటాయి. పురుగు అంటాం గానీ ఎనిమిది కాళ్ళుంటాయి, సాలీడు బంధువర్గం. వేలితో ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుకుంటుంది. ఇన్ని ఉండగా “వాన వెలిసింది, ప్రకృతి పులకించింది” అని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

వాసన గురించి ఒక్క మాట. మిగతా ఇంద్రియాల సమాచారం మెదడులో ఒక మజిలీ దాటి వెళ్తుంది. వాసన మాత్రం జ్ఞాపకాలూ భావోద్వేగాలూ చూసే భాగాలకి దాదాపు నేరుగా చేరుతుంది. అందుకే గతంలోకి వెళ్ళే సన్నివేశానికి వాసనంత పనికొచ్చేది ఇంకోటి లేదు. అయితే “సువాసన”, “కమ్మటి వాసన” అని సరిపెట్టకండి. దేని వాసనో చెప్పండి చాలు. దమ్ము చేసిన మడిలోంచి వచ్చే బురదవాసనలో కొంచెం కుళ్ళు ఉంటుంది, నీటి అడుగున గాలి ఆడని మట్టి కదిలింది కాబట్టి. మార్చి, ఏప్రిల్‌లో అడవి అంచు ఊళ్ళలో తెల్లవారుజామున రాలిన ఇప్పపూల తీపివాసన ఒక దశ దాటాక వెగటు పుట్టిస్తుంది. కుళ్ళునీ వెగటునీ మీ వాక్యంలోకి రానివ్వండి. పల్లె అనగానే అంతా సుగంధమే అయితే పల్లెలో పుట్టినవాళ్ళు చదవడం ఆపేస్తారు.

ఒంటికి తెలిసేవి మనవాళ్ళు తక్కువగా రాస్తారు. మే నెలలో “ఎండ మండిపోతోంది” అని విజయవాడకీ అనంతపురానికీ ఒకే వాక్యం వాడతారు. విజయవాడ ఉక్కలో చెమట ఆరదు, చొక్కా వీపుకి అతుక్కుపోతుంది, నీడలోకి వెళ్ళినా సుఖం లేదు. అనంతపురంలో చెమట పట్టిందన్న సంగతే తెలియదు, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూసుకున్నాక తెలుస్తుంది, చెట్టు నీడలోకి వెళ్తే ప్రాణం లేచొస్తుంది. నేలలూ అంతే. నల్లరేగడిలో వానపడ్డ రోజున నడిచే మనిషి అడుగడుగుకీ బరువెక్కుతాడు. మట్టి చెప్పుకి అంటుకుని, దాని మీద ఇంకో పొర అంటుకుని, నాలుగు అడుగులకి ఒకసారి ఆగి పుల్లతో గీకి పారేయాలి. అదే వాన ఎర్రచెల్కలో పడితే గంటకల్లా మామూలుగా నడవొచ్చు. ఇష్టం లేని పెళ్ళిచూపులకో, అప్పు అడగడానికో పొలం అడ్డంపడి వెళ్తున్న మనిషిని ఏ నేల మీద నడిపిస్తారో మీరే నిర్ణయించుకోవాలి.

రుచిని చాలామంది ప్రకృతి వర్ణనలోకే తీసుకోరు. ఉసిరికాయ కొరికాక తాగిన నీళ్ళు తియ్యగా ఉండటం, నేరేడు తిన్న నాలుక మొద్దుబారినట్టు వగరెక్కడం కూడా చెట్ల గురించిన సంగతులే.

కాలం లెక్కలు తప్పితే మిగతా వర్ణన ఎంత బాగున్నా నిలవదు. పౌర్ణమి చంద్రుడు పొద్దు గుంకే వేళకే తూర్పున వచ్చేస్తాడు. తదియ, చవితి నాటి నెలవంక పడమట ఉండి తొలిజాములోనే దిగిపోతుంది. దాన్ని అర్ధరాత్రి తూర్పున పెట్టకూడదు. దీపావళి అమావాస్య, ఆ రాత్రి వెన్నెల ఉండదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకి ఒక కిలోమీటరు దూరం. మెరుపూ ఉరుమూ కలిసే వస్తే పిడుగు పక్కనే పడ్డట్టు. మోదుగపూలు ఫిబ్రవరి, మార్చిలో ఆకులన్నీ రాలిన చెట్టు మీద పూస్తాయి. వేపపూత ఉగాది రోజులది, మల్లెలు ఎండాకాలానివి, పారిజాతాలు వానలు ముదిరాక మొదలవుతాయి. కూసే కోయిల మగది, నల్లగా ఉంటుంది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉండి కిక్‌కిక్‌మని అరుస్తుంది. నెల్లూరు కథలో పెద్దవానలు జూలైలో కాదు, అక్టోబరు, నవంబరుల్లో రావాలి. ఇవన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. రాసేముందు సన్నివేశం ఏ నెలలో, ఏ తిథినాడు, ఏ వేళ జరుగుతోందో పేజీ పైన రాసుకుంటే చాలు.

అన్నిటికంటే ముఖ్యంగా నేను అడిగేది, ఎవరు చూస్తున్నారు? గోదావరి డెల్టాలో సార్వా, అంటే వానాకాలం వరి, కోతలు నవంబరు, డిసెంబరుల్లో. బంగాళాఖాతంలో తుపాన్లు వచ్చేదీ అప్పుడే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన వరి పనల మీద, కళ్ళాల్లో ధాన్యం మీద వానపడి రైతులు ఎంత నష్టపోయారో పేపర్లలో చూశాం. ఆ రాత్రి కళ్ళంలో పడుకున్న రైతుకి చల్లగాలి తగిలితే అతనికి అది చల్లదనం కాదు. అతను బస్తాలు లెక్కపెట్టుకుంటాడు, టార్పాలిన్ ఎవరింట్లో ఉందో గుర్తుచేసుకుంటాడు. ఆ గాలినే డాబా మీద సెలవులకి వచ్చిన కుర్రాడు వేరేలా పీల్చుకుంటాడు. మీ చెరువు సన్నివేశంలో లోపించిందీ ఇదే. ఆహ్లాదం ఎవరికి? ఏ పాత్రా చూడకుండా గాల్లో వేలాడే వర్ణనని నేనైతే కొట్టేస్తాను.

ఎంత రాయాలనే టెన్షన్ అక్కర్లేదు. మన ప్రబంధాలకి అష్టాదశ వర్ణనలని ఒక పట్టిక ఉండేది. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం ఇలా పద్దెనిమిది. అదొక గొప్ప విద్య, దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఈనాటి కథకి ఆ బాధ్యత లేదు. ఒక సన్నివేశానికి రెండు ఇంద్రియాలు, అందులో ఒకటి కన్ను కానిది. సాధారణంగా అంతే సరిపోతుంది.

ఇక మీ అపార్ట్‌మెంట్. అడవి లేదని దిగులుపడకండి. బాల్కనీలో రోజూ ఒకే వేళకి పది నిమిషాలు కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు కళ్ళు మూసుకోండి. పగలు ఆగకుండా చిక్‌చిక్‌మని ఒకే గొంతు వినిపిస్తుంటే పిట్ట అనుకుంటారు. వెతికితే చాలాసార్లు అది తోక ఎగరేస్తూ పిల్లిని చూసి అరుస్తున్న ఉడుత అయి ఉంటుంది. రాత్రి పదకొండు తర్వాత, పగలు వినపడని రైలు కూత వినిపిస్తుంది. ఊరు సద్దుమణగడం ఒక కారణం. నేల దగ్గరి గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉండటంతో చప్పుడు పైకి పోకుండా కిందికి వంగి దూరం ప్రయాణించడం ఇంకో కారణం. మీ చుట్టుపక్కల ఇంకా పగలగొట్టకుండా మిగిలిన రాతిగుట్ట ఏదైనా ఉంటే, ఏప్రిల్‌లో చీకటి పడ్డాక వెళ్ళి అరచెయ్యి ఆనించండి. హైదరాబాద్ గ్రానైట్‌ది దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసు. ఆ రాయి రాత్రి భోజనాల వేళకి కూడా వేడిగా ఉంటుంది.

నోట్‌బుక్ కంటే ఫోన్‌లో వాయిస్ రికార్డు నయం అని నా అనుభవం. మాట్లాడేటప్పుడు ఎవరూ కిలకిలారావాలు అనరు. “ఏదో గీకినట్టు అరుస్తోంది, ఆగి ఆగి, ఎడంపక్క నుంచి” అంటారు. అదే మీకు కావలసిన తెలుగు. తర్వాత ఎత్తి రాసుకునేటప్పుడు విశేషణాలు చేర్చకండి, నెల, వేళ, గాలి ఎటునుంచి ఉందో మాత్రం చేర్చండి. ఫొటో మాత్రం చివర్లో తీయండి. ముందే తీస్తే చూడటం అక్కడితో అయిపోతుంది.

ఒక నెల ఇలా చేశాక ఆ చెరువు సన్నివేశం మళ్ళీ రాయండి. హైదరాబాద్‌లో అయినా చెరువులకి కొదవలేదు, ఒక ఆదివారం సాయంత్రం వెళ్ళి చీకటి పడేదాకా కూర్చోండి. రాసింది ఇక్కడే పెడితే చదువుతాను. పైన నెల, తిథి, వేళ, ఎవరు చూస్తున్నారో ఒక లైనులో రాసి పెట్టండి.